లోరెట్టా సంతకం పడితేనే

టొలీడో గ్లాస్‌మెన్ బాస్కెట్‌బాల్ జట్టును కొన్న రెండేళ్ళలో కాజిమిర్ నోవిట్స్కీ పదిహేడుసార్లు ఆటగాళ్ళను ఇచ్చిపుచ్చుకున్నాడు. అందులో పదహారుసార్లు నిలువునా మునిగాడు. పదిహేడోదాని సంగతి ఇంకా తేలలేదు. ఎందుకంటే అందులో వచ్చినవాడి మోకాలికి ఇంకా కట్టు విప్పలేదు.

ఈ లెక్క తీసింది లోరెట్టా టియర్నీ. న్యూయార్క్‌లోని లీగ్ ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా ఆమె పని ఒప్పంద పత్రాలు చదవడం. ఏ జట్టు ఎవరిని ఎవరికిచ్చినా ఆ కాగితం ఆమె బల్ల మీదుగా పోవలసిందే. వయసు యాభై ఒకటి. పెళ్ళి చేసుకోలేదు. క్వీన్స్‌లో అక్క మేవ్ ఇంటి పైవాటాలో ఉంటుంది. లీగ్‌లో మూడువందల మంది ఆటగాళ్ళ పేర్లు, ఎత్తులు, ఒప్పందాల గడువులు ఆమెకు కంఠతా వచ్చు. ఆట మాత్రం స్టేడియంలో కూర్చుని చూసింది నాలుగైదు సార్లే. పొద్దున్నే పేపర్లో అంకెలు చూస్తే ఆమెకు ఆట చూసినట్టే.

1982 నవంబర్లో ఒకరోజు కమిషనర్ ఆమెను పిలిచాడు.

"టొలీడోవాళ్ళు పోయినేడాది ఎనభై రెండు ఆటల్లో పద్నాలుగు గెలిచారు. ఈ ఏడు పదకొండు ఆడి పదకొండూ పోగొట్టారు. చూడ్డానికి జనం రావడం లేదు. ఇలాగే వదిలేస్తే ఆ పెద్దమనిషి ఉన్న ఇద్దరు మంచి కుర్రాళ్ళని కూడా ఎవరికో ధారపోస్తాడు. ఇవాళ్టి నుంచి లీగ్ సంతకం లేకుండా టొలీడోలో ఒక్క మార్పిడి కూడా చెల్లదు. ఆ సంతకం నీది. ఏప్రిల్ దాకా అక్కడే ఉండు."

"నేనా? నాకు కాగితాలే తెలుసండీ, మనుషులు తెలీదు."

"ఆయనకి మనుషులే తెలుసు, కాగితాలు తెలీదు. సరిపోతుంది, వెళ్ళు."

టొలీడో విమానాశ్రయంలో ఆమెను తీసుకెళ్ళడానికి అందరూ కాజ్ అని పిలిచే నోవిట్స్కీయే స్వయంగా వచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి, గుమ్మటం లాంటి పొట్ట, కోటు నిండా వెనిగర్ వాసన. తండ్రి ఒక చిన్న కొట్లో దోసకాయలు ఊరబెట్టి అమ్మేవాడు. కాజ్ దాన్ని ఒహైయో అంతా తెలిసిన ఫ్యాక్టరీ చేశాడు.

"నన్ను కట్టేయడానికొచ్చింది మీరేనా?" అన్నాడు ఆమె పెట్టె అందుకుంటూ.

"మిమ్మల్ని కాదు, మీ ఫోన్‌ని," అంది లోరెట్టా.

ఆయన కోపంగా ఉండాలనుకునే వచ్చాడు. అయినా నవ్వు ఆగలేదు. కారెక్కాక మాత్రం మొహం మళ్ళీ బిగించాడు. "ఒక మాట చెప్పనివ్వండి. రెండేళ్ళ కిందట ఈ జట్టు ఊరొదిలి పోతుందన్నారు. ఊళ్ళో గాజు ఫ్యాక్టరీల పెద్దలున్నారు, బ్యాంకులవాళ్ళున్నారు. ఒక్కడు ముందుకు రాలేదు. నేనొచ్చాను. నాకు ఆట తెలీదని అందరూ అంటారు. నిజమే కావచ్చు. కానీ జట్టు ఇక్కడుందంటే నావల్లే."

లోరెట్టా టొలీడో ఫైల్లో ఈ సంగతి చదవలేదు. అలాంటివి కాగితాల్లో రాయరు.

స్టేడియం ఆఫీసులో కోచ్ ఓటిస్ ల్యాంగ్‌ఫర్డ్ ఆమెకు చెయ్యి కలిపి వదల్లేదు. పొడుగ్గా, సన్నగా, నవ్వకుండా నవ్వించే మనిషి. "కాస్త ముందు రావలసింది మేడమ్. నాకూ రింగు కింద నిలబడి బంతి అందుకునే మంచి సెంటర్లు ఇద్దరుండేవాళ్ళు. ఇప్పుడు ఇద్దర్నీ టీవీలో చూసుకుంటున్నాను. బాగా ఆడుతున్నారు."

మర్నాడు ఊరి పేపర్లో కార్టూన్ వేశారు. పిల్లల తోపుడు బండిలో కాజ్ పాలసీసా పట్టుకుని కూర్చున్నాడు, వెనకనుంచి లోరెట్టా తోస్తోంది. కింద 'న్యూయార్క్ నుంచి వచ్చిన ఆయా' అని రాశారు. కాజ్ ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన భార్య హెలీనా మాత్రం దాన్ని నీటుగా కత్తిరించి వంటింట్లో ఫ్రిజ్ మీద అంటించింది.

మొదటి ఫోన్ మూడోరోజు వచ్చింది. టల్సా జట్టు మేనేజర్ విన్స్ డార్సెట్. లీగ్ నియమం ప్రకారం లోరెట్టా పక్క బల్ల మీది రెండో ఫోన్ ఎత్తి విన్నది.

"కాజ్, మిత్రమా! ఎలా ఉన్నావు? చిన్నారి థెరెసా ఎలా ఉంది? ఈ నెల్లోనే కదూ పుట్టినరోజు?" డార్సెట్ గొంతు తేనెపాకంలా జారింది. "నీకోసం ఒకటి ఆలోచించాను. కర్టిస్ బెల్‌ఫ్లవర్ని నాకివ్వు. బదులు నేను ఇద్దర్నిస్తాను. ఒకడికి ఇద్దరు! ఇంకెవరికైనా ఇస్తానా చెప్పు? ఆటగాణ్ణి చూడ్డంలో నీ కన్ను వేరు."

బెల్‌ఫ్లవర్ టొలీడో జట్టులో అందరికన్నా ఎక్కువ పాయింట్లు కొట్టేవాడు. కాజ్ చెవులు సంతోషంతో ఎర్రబడ్డాయి. "ఇద్దరా? నీది పెద్ద మనసు విన్స్..."

"ఆ ఇద్దరిలో ఒకడి ఒప్పందం జూన్‌తో అయిపోతుంది," అంది లోరెట్టా ఫోన్లో. "రెండోవాడికి ఆగస్టులో వెన్నుకి ఆపరేషన్ అయింది. మీ డాక్టర్ పంపిన కాగితం మా దగ్గరుంది."

డార్సెట్ గొంతులో తేనె ఎండిపోయింది. "ఎవరది?"

"లీగ్. ఈ మార్పిడి కుదరదు, డార్సెట్ గారూ."

ఫోన్ పెట్టేశాక కాజ్ గెలిచినట్టు కనిపించలేదు, చిన్నబోయాడు. కుర్చీలో కిందికి జారి కూర్చున్నాడు.

"వాడు ప్రతి ఆదివారం ఫోన్ చేసేవాడు," అన్నాడు. "నా మనవరాలి పుట్టినరోజు కూడా గుర్తుంచుకున్నాడు. ఇదంతా దీనికోసమేనా?"

ఫైల్లో చదివి లోరెట్టా ఆయన్ని తెలివితక్కువ మనిషనుకుంది. తీరా చూస్తే ఎదుటివాడు ఆప్యాయంగా అడిగితే కాదనలేని మనిషి, అంతే.

ఆదివారం హెలీనా ఆమెను భోజనానికి పిలిచింది. పోలండ్ నుంచి వచ్చినవాళ్ళుండే లాగ్రేంజ్ వీధిలో పాత ఇల్లు. బల్ల మీద బంగాళాదుంప కూరి వెన్నలో వేయించిన పియెరోగీలు, క్యాబేజీతో ఉడికించిన సాసేజీలు, మూడు రకాల దోసకాయ ఊరగాయలు. హెలీనా పొట్టిగా, గట్టిగా ఉంది. వడ్డన కూడా ఆవిడ చెప్పినంత తినాల్సిందే.

"ఫ్యాక్టరీలో ఎవరూ మోసం చేయలేదా ఈయన్ని?" అడిగింది లోరెట్టా.

హెలీనా గలగలా నవ్వింది. "అక్కడ నేనున్నానుగా! సీసాలవాడొచ్చినా, సోంపు అమ్మేవాడొచ్చినా ఈయన నవ్వుతూ అవునంటాడు. 'కాకపోతే మా ఆవిణ్ణి అడగాలి' అంటాడు. నా దగ్గరికొస్తే కాదంటాను. వాడు మళ్ళీ ఈయన దగ్గరికి పోతాడు. 'పాపం, ఏం చెయ్యను, మా ఆవిడ రాక్షసి' అంటాడీయన. మూడోసారికి వాడే దిగొస్తాడు. ముప్ఫై ఐదేళ్ళు అలాగే నడిపాం. జట్టు కొన్నాక మాత్రం నన్ను రానివ్వలేదు. నాకు బాస్కెట్‌బాల్ తెలీదట!"

"నీకు తెలీదు మరి!" అన్నాడు కాజ్.

"నీకు తెలుసా?"

కాజ్ ఫోర్కు గాల్లో ఆగిపోయింది. మెల్లగా తల తిప్పి లోరెట్టా వైపు చూశాడు. లోరెట్టా కూడా ఆయన్నే చూస్తోంది.

"మిస్ టియర్నీ," అన్నాడాయన, "మీరు ఎంత రాక్షసిగా ఉండగలరు?"

"మా అక్కని అడగండి," అంది లోరెట్టా.

ఆ వారం నుంచి ఆట మారింది. ఎవరు ఫోన్ చేసినా కాజ్ ఎప్పటిలాగే పొంగిపోయేవాడు, ఊరించేవాడు. చివర్లో పెద్ద నిట్టూర్పు విడిచేవాడు. "నాకైతే ఇవాళే ఇచ్చేయాలనుంది. కానీ ఇక్కడ లీగ్ అమ్మగారున్నారు. అబ్బో, ఎంత కఠినమో నీకు తెలీదు. నిన్న నా కాఫీ చల్లగా ఉందని కూడా సంతకం పెట్టలేదు." లోరెట్టా రెండో ఫోన్లో గొంతు సవరించుకునేది. ఆ సవరింపుకే అవతలివాళ్ళు కంగారుపడేవాళ్ళు. ఒకరు ఇస్తామన్నదానికి ఇంకోటి కలిపేవాళ్ళు, ఇంకొకరు అడిగినదాంట్లో కొంత వదిలేసేవాళ్ళు.

ఆమె నియమం తప్పలేదు. మంచిది కానిది ఒక్కటీ ఒప్పుకోలేదు, మంచిదాన్ని ఆపలేదు, జరిగిందంతా ప్రతి శుక్రవారం న్యూయార్క్‌కి రాసి పంపింది. డిసెంబర్లో పొడుగాటి సెంటర్ ఒకడొచ్చాడు. జనవరిలో డార్సెట్టే దిగొచ్చి, పోయినేడాది కాజ్ దగ్గర ఊడలాక్కున్న వంతును తిరిగిచ్చాడు. కాలేజీల నుంచి వచ్చే కొత్త కుర్రాళ్ళను ముందుగా ఎంచుకునే వంతు అది. ఆ సంతకమయ్యాక కాజ్ ఆఫీసు తలుపు మూసి, బల్ల చుట్టూ ఒక్కడే పోల్కా డ్యాన్స్ చేశాడు. లోరెట్టా కాగితాల్లో తల దూర్చుకుని చూడనట్టే కూర్చుంది. కిందనుంచి ఆమె కాలు కూడా లయ వేస్తోంది.

గ్లాస్‌మెన్ అప్పుడొకటి అప్పుడొకటి గెలవడం మొదలుపెట్టారు. 'గాజువాళ్ళు మళ్ళీ పగిలారు' అని రాసే పేపరు ఒకరోజు 'గాజుకి పదునెక్కింది' అని రాసింది. బేకరీలో లోరెట్టాను గుర్తుపట్టి, "ఎవర్నీ ఇవ్వనివ్వకండి అమ్మా!" అని అరిచేవాళ్ళు.

ఫిబ్రవరిలో న్యూయార్క్ నుంచి ఫోన్ వచ్చింది. కమిషనర్ కాదు, ఆయన కింద పనిచేసే హోవర్డ్ స్ట్రిక్లర్.

"లోరెట్టా, నీ పని బాగుంది. ఇక ఏ సంతకాలూ పెట్టకు. పశ్చిమాన ఒక పెద్ద ఊరివాళ్ళు ఆ జట్టుని కొంటామంటున్నారు. వేసవిలో తీసుకెళ్ళిపోతారు. జట్టు ఇలాగే పడి ఉంటే పని తేలిక. బాగుపడితే ఆ ఊరు వదలదు."

"ఈ సంగతి కమిషనర్ గారికి తెలుసా?"

"సమయం వచ్చినప్పుడు నేను చెబుతాను."

ఫోన్ పెట్టేశాక లోరెట్టా తనను ఇక్కడికి పంపిన ఉత్తర్వు తీసి మళ్ళీ చదివింది.

ఆ మర్నాడు లెంట్ ఉపవాసాలకు ముందు వచ్చే మంగళవారం. లాగ్రేంజ్ వీధంతా నూనెలో వేగే పొంచ్కీల వాసన. కాజ్ ఒక పెట్టె నిండా పొంచ్కీలు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. ఆల్‌బుఖరా జామ్ కూరి, చక్కెర పొడి జల్లినవి.

"ఇదేంటి, లంచమా?"

"ముమ్మాటికీ లంచమే. తినండి. ఇప్పుడు చెప్తాను. మార్టీ కెస్లర్ని ఫోర్ట్ వేన్ జట్టుకిచ్చి ఎల్లిస్ ప్రూడోమ్‌ని తెద్దాం."

లోరెట్టా చేతిలోని పొంచ్కీ కింద పెట్టింది. కెస్లర్‌కి ఇరవై నాలుగేళ్ళు, ఆటకి పదమూడు పాయింట్లు కొడతాడు. ప్రూడోమ్‌కి ముప్ఫై నాలుగు. ఈ ఏడు ఆడింది మొత్తం కలిపి రెండు గంటలుండదు.

"నోవిట్స్కీ గారూ, మనం బాగుపడుతున్నాం అనుకుంటున్నాను."

"కాగితం చూడకండి. మనిషిని చూడండి. గురువారం ఫోర్ట్ వేన్‌లో ఆటుంది. నాతో రండి. చూశాక కూడా కాదంటే ఇంక ఆ పేరెత్తను."

గురువారం సాయంత్రం మామీ నది పక్కనుంచి కారులో రెండు గంటలు ప్రయాణం చేసి వెళ్ళారు. పై వరసలో కూర్చున్నారు. "ఆట చూడకండి. బెంచీ చివర చూడండి," అన్నాడు కాజ్.

బెంచీ చివర మెడలో తువ్వాలు వేసుకుని ఒక బట్టతల మనిషి కూర్చున్నాడు. ఎవరైనా బంతి విసరగానే, అది ఇంకా రింగుకి తగలకముందే, ఆయన చూపుడువేలు ఒళ్ళో కాస్త కదిలేది. ఎడమకి. లేదా కుడికి. లేదా ముందుకి. బంతి రింగులో పడకపోతే వెనక్కి వచ్చి సరిగ్గా ఆ వైపే పడేది. పక్కనున్న కుర్రాళ్ళు ఆట మానేసి ఆ వేలునే చూస్తున్నారు.

లోరెట్టా బ్యాగులోంచి పెన్సిల్ తీసింది. ఆట అయ్యేసరికి టికెట్ వెనకంతా గీతలు. రింగుకి తగిలి వచ్చిన బంతులు నలభై ఒకటి. వేలు తప్పింది ఐదుసార్లు.

"ఇది మీరెప్పుడు కనిపెట్టారు?" అడిగింది. గొంతు తనకే కొత్తగా ఉంది.

"వీళ్ళు మా ఊరొచ్చినప్పుడు. మావాళ్ళు ముప్ఫై పాయింట్లతో ఓడిపోతున్నారు. చూడబుద్ధి కాక అవతలివాళ్ళ బెంచీ చూస్తూ కూర్చున్నాను."

లోరెట్టా ఎంత గట్టిగా నవ్విందంటే, ముందు వరసలవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

ఫోర్ట్ వేన్ వాళ్ళు కెస్లర్‌తో పాటు ఒక వంతు కూడా కావాలన్నారు. లోరెట్టా రెండుసార్లు కాదంది. మూడోసారి వాళ్ళే ఎల్లిస్‌తో పాటు ఒక వంతు ఎదురిచ్చారు. సంతకం పెట్టింది. కబురు తెలిసి స్ట్రిక్లర్ మండిపడ్డాడు.

"పెట్టొద్దని చెప్పానుగా!"

"నన్ను పంపిన ఉత్తర్వు నా ముందే ఉంది, చదవమంటారా? 'జట్టుకు నష్టం కలిగించు మార్పిడులను ఆపుట.' మేలు చేసేవాటిని ఆపమని ఎక్కడా లేదు."

"నువ్వసలు ఎవరి పక్షం?"

"ఆ కాగితం పక్షం. దాని కింద కమిషనర్ గారి సంతకముంది, మీది లేదు," అంది లోరెట్టా. ఫోన్ ఆమే ముందు పెట్టేసింది. ఇరవై రెండేళ్ళలో ఆఫీసులో ఎవరికీ ఎదురు చెప్పింది లేదు. నీళ్ళు తాగి, ఆ సంభాషణ మొత్తం పొల్లుపోకుండా శుక్రవారం ఉత్తరంలో రాసింది. ఆ ఉత్తరాన్ని స్ట్రిక్లర్‌కి కాదు, నేరుగా కమిషనర్‌కి పోస్ట్ చేసింది.

ఎల్లిస్ ప్రూడోమ్ లూయిజియానా మనిషి. మంచులో కారు దిగి, "ఈ ఊళ్ళో ఎండ ఎప్పుడు కాస్తుంది?" అని అడిగాడు. "జూలైలో ఒక మంగళవారం," అన్నాడు కోచ్ ఓటిస్. ఇద్దరికీ ఆ క్షణంలోనే కుదిరింది. ఎల్లిస్ ఆటకి పది నిమిషాలే ఆడేవాడు. మిగతా వేళంతా కుర్రాళ్ళ మధ్య నిలబడి, బంతి ఏ చేతినుంచి ఎలా బయల్దేరితే ఎటు పడుతుందో నేర్పేవాడు. పొడుగాటి సెంటర్ వారానికల్లా మారిపోయాడు. బెల్‌ఫ్లవర్ గురి తప్పినా భయం లేదు, ఆ బంతి మళ్ళీ తమవాళ్ళ చేతికే వస్తుంది. మార్చిలో పద్నాలుగు ఆటలు ఆడితే పది గెలిచారు.

ఏప్రిల్లో సొంత ఊళ్ళో ఆఖరి ఆట. ఆదివారం మధ్యాహ్నం. అవతలివాళ్ళు టల్సా. పూజలు కాగానే జనం చర్చి బట్టలతోనే బారులు తీరారు. టికెట్లు అయిపోయినా వెనక గోడల పక్కన నిలబడతామన్నారు. కమిషనర్ ఎవరికీ చెప్పకుండా వచ్చి, హెలీనా పక్క సీటు దొరికి కూర్చున్నాడు. ఆయనెవరో తెలియక ఆవిడ చేతిలో ఊరగాయ ముక్క పెట్టి, "తిను నాయనా, అరిచి అరిచి గొంతెండిపోతుంది," అంది.

ఆఖరి నిమిషానికి ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు. బెల్‌ఫ్లవర్ మూలనుంచి విసిరాడు. లోరెట్టా బంతిని చూడలేదు, ఎల్లిస్‌ని చూసింది. ఆయన గట్టిగా "ఎడమ!" అని అరిచాడు. బంతి రింగు అంచుకి తగిలి ఎడమకి దొర్లింది. పొడుగాటి సెంటర్ అక్కడ ముందే ఉన్నాడు. రెండు చేతులతో రింగులోకి తోశాడు. గంట మోగింది.

తర్వాత ఏమైందో లోరెట్టాకు సరిగా గుర్తులేదు. ముక్కూమొహం తెలియని ఒక నర్సమ్మ ఆమెను కౌగిలించుకుంది. కాజ్ ఏడుస్తున్నాడు. కోచ్ ఓటిస్ బహిరంగంగా నవ్వుతున్నాడు, అదీ ఆ ఏడాదిలో మొదటిసారి.

డార్సెట్ వచ్చి కాజ్‌కి చెయ్యి కలిపాడు. "నీకు ఆట ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదు," అన్నాడు కాజ్ ముక్కు తుడుచుకుంటూ. "థెరెసా బాగుంది విన్స్. ఆరేళ్ళొచ్చాయి. ఆదివారాలు ఫోన్ చేస్తూ ఉండు." అందులో ఎత్తిపొడుపేమీ లేదు. డార్సెట్ మొహం ఎర్రబడింది. చేస్తానన్నాడు.

జనం తగ్గాక కమిషనర్ వాళ్ళ దగ్గరికొచ్చాడు. "ఈ ఊరు జట్టుని చూడ్డానికి రాదని స్ట్రిక్లర్ చెప్పాడు. ఇవాళ నాకు సీటు దొరకడమే కష్టమైంది. మిస్ టియర్నీ, మీ ఉత్తరాలన్నీ చదివాను. ఆఖరిది రెండుసార్లు. జట్టు ఎక్కడికీ పోదు. స్ట్రిక్లర్‌తో నేను మాట్లాడుకుంటాను. నోవిట్స్కీ గారూ, మీ మీద పెట్టిన ఆంక్ష ఇవాళ్టితో ఎత్తేస్తున్నాను."

కాజ్ మొహం వాడిపోయింది. "అయ్యో, వద్దండీ!"

"వద్దా?"

"ఇంకో రెండేళ్ళుంచండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

కమిషనర్ ఎంత నవ్వాడంటే కళ్ళజోడు తీసి తుడుచుకోవలసి వచ్చింది. "లీగ్ అలా ఉంచడానికి వీల్లేదు. కానీ ఈవిణ్ణి మీరే మేనేజర్‌గా పెట్టుకుంటానంటే నేను ఆపలేను. ఆవిడ ఒప్పుకోవాలి మరి."

అందరూ లోరెట్టా వైపు తిరిగారు. హెలీనా మాత్రం అప్పటికే ఆమె కోటు పట్టుకుని నిలబడి ఉంది. "జవాబు తర్వాత. చర్చి హాల్లో బ్యాండు మొదలెట్టేశారు. పదండి, పదండి," అంటూ అందర్నీ తలుపువైపు తోసింది.

ఆ సాయంత్రం లోరెట్టా ఎల్లిస్‌తో రెండు పోల్కాలు, ఓటిస్‌తో ఒకటి ఆడింది. అడుగులు తప్పుతూనే ఉన్నాయి, ఎవరూ పట్టించుకోలేదు. మర్నాడు పొద్దున్నే క్వీన్స్‌కి ఫోన్ చేసింది.

"మేవ్, నా వేసవి బట్టలు పంపించవే."

"వేసవివా? వారంలో వచ్చేస్తున్నావుగా?"

"ఇక్కడ నది పక్కన ఒక వాటా చూశాను. కిటికీలోంచి పడవలు కనిపిస్తాయి."

"లోరెట్టా, నువ్వు తాగావా?"

"లేదే. నిన్న డ్యాన్స్ చేశాను. ఆ నీలం గౌను కూడా పెట్టు, మరిచిపోకు."